సూర్యుడూ చంద్రుడూ... ఒకే ఊళ్లో!

ఒకాయన్ని తెల్లదొరలు ఉరి తీశారు. ఇంకొకాయనకు తెల్లదొరల రాణి బంగారు పతకం పంపింది. ఇద్దరి పేర్లూ ఒకే ఊరితో ముడిపడ్డాయి. అదే ఉయ్యాలవాడ. నంద్యాల జిల్లా ఆళ్లగడ్డకు పడమరగా ఉన్న ఈ రేనాటి పల్లెలో నడుస్తూ వింటే చరిత్ర పాఠంలా ఉండదు... ఇంట్లో పెద్దవాళ్లు చెప్పే కథలా ఉంటుంది.

నంద్యాల వైపు యాత్ర అనగానే ఎవరికైనా ఏం గుర్తొస్తాయి? మహానందిలో కోనేటి స్నానం, అహోబిలంలో నవనారసింహుల దర్శనం, యాగంటి బసవన్న, బెలుం గుహలు... అక్కడితో జాబితా అయిపోతుంది. మధ్యలో కారు అద్దంలోంచి కనిపించి మాయమయ్యే పల్లెల్ని ఎవరూ పట్టించుకోరు. చూడ్డానికి అక్కడేముంది... నాలుగు మిద్దెలు, ఒక వేపచెట్టు, కట్ట మీద కూర్చున్న ముసలాయన. అంతేగా అనుకుంటాం.

కానీ ఆ ముసలాయన పక్కన కాసేపు కూర్చుంటే వినిపించేవి వేరు. ఏ చేను ఎవరికి మాన్యంగా వచ్చింది, ఏ కరువులో ఎవరు గంజి పోశారు, ఏ గట్టు మీద ఎవరు పట్టుబడ్డారు... అన్నీ పేర్లతో సహా బయటికొస్తాయి. విదేశాల్లో పాత ఊళ్లలో చరిత్ర నడకలని ఏర్పాటు చేస్తుంటారు. స్థానికుడొకరు ముందు నడుస్తూ ప్రతి వీధి మలుపులోనూ ఆగి దాని కథ చెబుతాడు. హైదరాబాద్ పాతబస్తీలోనూ ఇలాంటివి జరుగుతుంటాయి. అదే పని మన పల్లెలో చేస్తే? అందుకు ఉయ్యాలవాడను మించిన ఊరు దొరకడం కష్టం.

రాయి చెక్కే ఊరు దాటి...

నడకకు ముందు కాస్త ప్రయాణం. నంద్యాల నుంచి జాతీయ రహదారి మీద దాదాపు నలభై కిలోమీటర్లు వస్తే ఆళ్లగడ్డ. ఊరు దగ్గరపడుతుందని చెప్పడానికి బోర్డులక్కర్లేదు. రోడ్డు పక్కన ఉలి చప్పుడు వినిపిస్తే చాలు. దేవుళ్లు, ద్వారపాలకులు, నందులు, నాయకులు... సగం చెక్కినవీ పూర్తయినవీ వరసగా నిలబడి ఉంటాయి. ఇక్కడి శిల్పులు చెక్కిన విగ్రహాలు ఎక్కడెక్కడి గుళ్లకో వెళ్తాయి. ఆళ్లగడ్డ రాతి శిల్పాలకు భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది.

అక్కడి నుంచి పడమరగా కదిలితే నేల రంగు మారుతుంది. నల్లరేగడి. వాన పడితే కాలు దిగబడుతుంది, ఎండ కాస్తే బెత్తెడు వెడల్పున నెర్రెలిస్తుంది. ఇది కుందూ నది పరీవాహకం. దీనికి పాత పేరు రేనాడు. ఆరో శతాబ్దంలోనే రేనాటి చోళులు తెలుగులో శాసనాలు వేయించారు. ఇప్పటిదాకా దొరికిన వాటిలో మొదటి తెలుగు శాసనంగా చెప్పే కలమళ్ల శాసనం వాళ్లదే. అది ఇప్పుడు కడప జిల్లాలో ఉంది.

అసలు ఉయ్యాలవాడ కూడా ఒకప్పుడు కడప జిల్లాదే! 1858లో కోయిలకుంట్ల తాలూకాను కడప నుంచి విడదీసి కర్నూలు జిల్లాలో కలిపారు. 2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా ఏర్పడింది. అంటే ఊరు కదలకుండానే రెండుసార్లు జిల్లా మారిందన్నమాట. ఇది గుర్తు పెట్టుకోవాలి. లేకపోతే ఇక్కడి తిరుగుబాటు గురించి కడప కలెక్టరు ఎందుకు ఉలిక్కిపడ్డాడో అర్థం కాదు.

మొదటి మజిలీ: మాన్యం చేలు

పల్లె నడకకు ఒక నియమం ఉంది. వాహనం ఊరి బయటే ఆపేయాలి. నడిచి వచ్చేవాళ్లనే ఊరు పలకరిస్తుంది. ‘ఎవరింటికి వచ్చినారు?’ అన్న మొదటి ప్రశ్నతోనే సగం పని అయిపోతుంది. మన ఊరూ పేరూ చెప్పుకుంటే వాళ్లూ చెప్పడం మొదలుపెడతారు.

ఊళ్లోకి వెళ్లేముందు చూడాల్సినవి చేలు. పొలాన్ని సర్వే నంబరుతో పిలవడం కాగితాల్లోనే. జనం నోట ప్రతి చేనుకీ ఒక పేరుంటుంది. రాయలసీమ పల్లెల్లో ఆ పేర్ల మధ్య తరచూ వినిపించే మాట ‘మాన్యం’. గుడి పూజారికి, చాకలికి, మంగలికి, కావలివాళ్లకు... ఊరికి చేసే పనికి బదులుగా వదిలిన భూమి అది. ఊరికి కాపలా కాసి, దొంగల్ని పట్టి, పాలెగాడు పిలిస్తే కత్తి పట్టుకుని కదిలేవాళ్లు కట్టుబడులు. వాళ్లకూ మాన్యాలుండేవి.

1800లో నిజాం ఈ సీమనంతా ఈస్టిండియా కంపెనీకి ఇచ్చేశాడు. కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో కళ్లకు మొదట కనిపించింది పాలెగాళ్లే. ఒకరిద్దరు కాదు, ఎనభై మంది దాకా ఉండేవారు. కోటలు, బలగాలు, పన్ను వసూళ్లు అన్నీ వాళ్ల చేతుల్లోనే. మన్రో వాళ్ల అధికారాలు తీసేసి నెలనెలా భరణం ఇచ్చే ఏర్పాటు చేశాడు. దాన్ని తవర్జీ అనేవారు. నిన్నటిదాకా పన్ను వసూలు చేసినవాళ్లు కంపెనీ కచేరీ ముందు భరణం కోసం నిలబడాల్సి వచ్చింది.

ఉయ్యాలవాడ పాలెగాళ్ల కుటుంబానికి వచ్చిన భరణం నెలకు 70 రూపాయలు. అందులో సగం ఒక శాఖకు పోగా మిగిలింది 35. దాన్ని మూడు వాటాలు చేస్తే నరసింహారెడ్డికి వచ్చింది పదకొండు రూపాయల పది అణాల ఎనిమిది పైసలు. అమ్మమ్మగారి వైపు చూద్దామంటే, నొస్సం పాలెగాడైన తాత జయరామిరెడ్డికి కొడుకులు లేరని ఆయన పోగానే ఆ భరణాన్ని కంపెనీ నిలిపేసింది. అంత కుటుంబానికి చివరికి మిగిలింది ఆ పదకొండు చిల్లరే.

1846లో కంపెనీ కట్టుబడుల మాన్యాల మీద చెయ్యి వేసింది. చనిపోయినవాళ్ల భూములు వారసులకు చెందవంది. అంటే తండ్రి దున్నిన చేను కొడుకుది కాదన్నమాట! కడుపు మండినవాళ్లంతా నరసింహారెడ్డి దగ్గర చేరారు. పైగా భరణం కోసం పంపిన మనిషిని కోయిలకుంట్ల తహసీల్దారు అవమానించి వెనక్కి పంపాడని చెబుతారు. నిప్పు రాజుకుంది.

1846 జులై 10న కోయిలకుంట్ల ఖజానా మీద దాడి జరిగింది. వడ్డె ఓబన్న, గోసాయి వెంకన్న లాంటివాళ్లు నరసింహారెడ్డికి కుడిభుజాలు. అదే నెల 23న గిద్దలూరు దగ్గర కంపెనీ సేనతో తలపడి దాన్ని వెనక్కి నెట్టారు. కడప కలెక్టరు కాక్రేన్ మరిన్ని బలగాల్ని దించాడు. నల్లమల అడవులు, కొండలు, గుట్టలు గాలించారు. అక్టోబరు 6న పేరుసోముల దగ్గర కొండ మీద నరసింహారెడ్డి దొరికిపోయాడు. ఆయనతో పాటు తొమ్మిది వందల మంది దాకా కేసుల్లో ఇరుక్కున్నారు.

ఆ సంఖ్య దగ్గర ఒక్కసారి ఆగాలి. నాయకుడి పేరు అందరికీ తెలుసు. మరి ఆ తొమ్మిది వందల మంది? వాళ్లంతా ఈ చుట్టుపక్కల పల్లెలవాళ్లే. వాళ్లలో ఎక్కువమంది పేర్లు పుస్తకాల్లో కనిపించవు. వాళ్ల కథలు ఏవైనా మిగిలి ఉంటే ఆయా ఇళ్లలోనే మిగలాలి. అందుకే ఇక్కడ నడవాలి, అడగాలి.

రెండో మజిలీ: జొన్న పాతర

ఇప్పుడు ఊళ్లోకి వెళ్దాం. రేనాటి పల్లె ఏదైనా కొన్ని గుర్తులు ఉంటాయి. ఊరి నడుమ బొడ్డురాయి. కులమతాలతో పని లేకుండా మొహర్రానికి అందరూ చేరే పీర్ల చావిడి. రాళ్లతో గోడలు కట్టి, దూలాలు పరిచి, పైన చౌడుమన్ను కప్పిన పాత మిద్దెలు. మండు వేసవిలోనూ లోపల చల్లగా ఉంటాయి. వెలుతురు కోసం మిద్దెకు గవాక్షి. వాన వస్తే దానిమీద మూత. గడప ముందు అరుగులు. వీటి కింద, పెరట్లో, కొన్నిచోట్ల వీధిలోనే... పైకి కనిపించనిది ఒకటుండేది. అదే పాతర.

నేలలో నిలువులోతు గొయ్యి తవ్వి, లోపల గడ్డి పరిచి, జొన్నలు నింపి, పైన బండ పెట్టి మట్టితో కప్పేసేవాళ్లు. లోపల గాలి ఆడదు కాబట్టి పురుగు పట్టదు. ఏళ్ల తరబడి గింజ చెడదు. తీసేటప్పుడు మాత్రం జాగ్రత్త! మూత తీయగానే దిగితే ఊపిరాడక ప్రాణం పోతుంది. కాసేపు వదిలేసి, దీపం దించి చూసి, అది ఆరకుండా వెలిగితేనే మనిషి దిగేవాడు. బ్యాంకులు లేని కాలంలో రైతు కుటుంబానికి అదే డిపాజిట్. వాన మొహం చాటేసిన ఏడు ఆ పాతరే ప్రాణం నిలిపేది.

రెండో కథ గింజలదే. 1866లో ఒరిస్సా నుంచి మద్రాసు రాజధాని జిల్లాల దాకా పెద్ద కరువొచ్చింది. అప్పటికి తుంగభద్ర నీళ్లు ఇటు తెచ్చే కర్నూలు - కడప కాలువ ఇంకా తవ్వకంలోనే ఉంది. మద్రాసు ఇరిగేషన్ కంపెనీ 1860ల్లో మొదలుపెట్టిన ఆ పని పూర్తవడానికి ఇంకా కొన్నేళ్లు పట్టింది. చేలల్లో గడ్డి లేదు, ఇళ్లలో గింజ లేదు. పశువుల్ని తోలుకుని జనం ఊళ్లు వదిలేశారు.

అప్పుడు ఉయ్యాలవాడలో ఒక ఇంటి పొయ్యి ఆరలేదు. ఆ ఇల్లు బుడ్డా వెంగళరెడ్డిది. తన ధాన్యం బయటికి తీసి గంజి కాయించాడు. తమ ఊరివాళ్లా పరాయివాళ్లా అని చూడలేదు. వేలమంది వచ్చారు. వచ్చినవాళ్లందరికీ పోశారు. ఉన్నది ఊడ్చిపెట్టినా వెనక్కి తగ్గలేదని జనం చెప్పుకుంటారు. ఆ సంగతి తెల్లదొరల ద్వారా లండన్ దాకా వెళ్లింది. విక్టోరియా రాణి నుంచి బంగారు పతకం వచ్చింది.

మామూలుగా మన ఇళ్లలో పెట్టుపోతల ప్రస్తావన వస్తే కర్ణుడి పేరు తీస్తారు. ఈ సీమలో ఇప్పటికీ వెంగళరెడ్డి పేరు తీస్తారు.

మూడో మజిలీ: కోయిలకుంట్ల

రెండు కథలూ విన్నాక ఒక చోటికి వెళ్లి నిలబడాలి. అది పక్కనే ఉన్న కోయిలకుంట్ల. 1847 ఫిబ్రవరి 22 ఉదయం నరసింహారెడ్డిని ఇక్కడే, జుర్రేరు ఒడ్డున, రెండు వేల మందికి పైగా చూస్తుండగా ఉరి తీశారు. కంపెనీవాళ్లు అంతటితో ఊరుకోలేదు. మళ్లీ ఎవరూ తల ఎత్తకూడదని ఆయన తలను కోట గుమ్మానికి వేలాడదీశారు. ఒక రోజో వారమో కాదు... 1877 దాకా. ముప్ఫై ఏళ్లు!

ఇప్పుడు లెక్క వేసి చూడండి. ఉరి 1847లో. కరువు 1866లో. తల దించింది 1877లో. అంటే గంజి కోసం కోయిలకుంట్ల మీదుగా ఉయ్యాలవాడకు వచ్చినవాళ్లు ఆ తలను చూసే వచ్చి ఉండాలి. ఒక ఊరి మనిషి తల గుమ్మానికి వేలాడుతుండగానే, అదే ఊరి ఇంకో మనిషికి అదే ప్రభుత్వం పతకం ఇచ్చింది. మధ్యలో దొరలు మాత్రం మారారు. 1858లో కంపెనీ పోయి రాణి పాలన వచ్చింది.

మనమైతే ఇద్దరిలో ఒకరి పక్షం వహిస్తాం. తిరగబడినవాడు గొప్పా, అన్నం పెట్టినవాడు గొప్పా అని వాదించుకుంటాం. ఊరు అలా చేయలేదు. ఇద్దరి మీదా పాటలు కట్టుకుంది. నాట్లలోనూ కలుపుల్లోనూ కథాగానాల్లోనూ ఇద్దర్నీ పాడుకుంది. జానపద వీరగాథల మీద జీవితకాలం పనిచేసిన పరిశోధకుడు తంగిరాల వెంకట సుబ్బారావు ఈ ఇద్దరి పాటల్నీ చరిత్రనూ కలిపి పుస్తకంగా తెచ్చారు. దాని పేరు ‘రేనాటి సూర్యచంద్రులు’. మండినవాడు సూర్యుడు, చల్లదనం పంచినవాడు చంద్రుడు. రెండూ కావాలి కదా మరి, పంట పండాలంటే!

రాతిలో కాదు... నోట్లో

ఆళ్లగడ్డలో రాయి ప్రాణం పోసుకుంటుంది. దానికి కూతవేటు దూరంలోని ఈ పల్లెల చరిత్ర మాత్రం చాలాకాలం రాతికెక్కలేదు. ఉరి తీసిన వాడికి శిల పెట్టే ధైర్యం ఆనాడు ఎవరికుంటుంది? నోట పాడితే ఎవరు పట్టుకుంటారు? అందుకే పాటలోనే దాచుకున్నారు. తల్లి పాడితే బిడ్డ నేర్చుకుంది. దొరలకు భయపడి దాచినది, దొరలు వెళ్లిపోయాక కూడా చాలా ఏళ్లు అలా నోట్లోనే ఉండిపోయింది.

తర్వాత రోజులు మారాయి. 2019 అక్టోబరు 2న చిరంజీవి హీరోగా ‘సైరా నరసింహారెడ్డి’ విడుదలైంది. రేనాడు ఎక్కడుందో తెలియనివాళ్లకు కూడా ఉయ్యాలవాడ పేరు తెలిసింది. 2021 మార్చి 25న ప్రారంభించిన ఓర్వకల్లు విమానాశ్రయానికి ఆయన పేరే పెట్టారు. మంచిదే. కానీ సినిమాలో చూసింది ఊళ్లో వెతికితే దొరకదు. ఊళ్లో ఉన్నది సినిమాలో సగం కూడా లేదు. తవర్జీ లెక్కలు, కట్టుబడి మాన్యాలు, గంజి పోసిన వెంగళరెడ్డి... ఇవన్నీ ఇంకా చెప్పేవాళ్లనే నమ్ముకుని ఉన్నాయి.

ఆ చెప్పేవాళ్లు తగ్గిపోతున్నారు. అదీ అసలు బాధ. రెండు వందల ఏళ్ల కిందట కల్నల్ కాలిన్ మెకంజీ ఈ సీమలో ఊరూరా మనుషుల్ని పంపి ఎవరి ఊరి కథ వాళ్లతో చెప్పించి రాయించాడు. అవే కైఫీయతులు. అప్పుడు చెప్పినవాళ్లలో ఎక్కువమంది ఊరి కరణాలు, పెద్దలు. ఏ చేను ఎవరిది, ఏ చెరువు ఎవరు తవ్వించారు, ఏ గుడికి ఎంత మాన్యం... అన్నీ కరణం లెక్కల్లో ఉండేవి, తండ్రి నుంచి కొడుకుకు నోటి లెక్కగా వచ్చేవి. 1984లో ప్రభుత్వం కరణం, మునసబు పదవుల్ని రద్దు చేసింది. వంశపారంపర్యపు పెత్తనం పోవడం మంచిదే. దాంతోపాటు ఊరి జ్ఞాపకాన్ని మోసే ఒక మనిషి కూడా పోయాడు.

మట్టి మిద్దెలు కూల్చి స్లాబులు వేసుకుంటున్నారు. అందులో తప్పేం లేదు, ఏటా మిద్దె మీద మన్ను తొక్కించే ఓపిక ఎవరికుంది? పాతరలు పూడ్చేశారు. యంత్రాలొచ్చాక నాట్లలో పాట ఆగిపోయింది. చదువుకున్న పిల్లలు హైదరాబాద్, బెంగళూరు వెళ్లిపోయారు. ఊళ్లో మిగిలింది తాతలూ అవ్వలూ. వాళ్లకు తెలుసు... అడిగేవాళ్లే లేరు.

మీ ఊళ్లోనూ నడవొచ్చు!

ఉయ్యాలవాడ దాకా వెళ్లలేకపోయినా ఫర్వాలేదు. సంక్రాంతికో దసరాకో సొంతూరు వెళ్తారుగా! పిల్లల్ని తీసుకుని ఒక పూట ఇలా నడిచి చూడండి.

• పొద్దున్నే గానీ సాయంత్రం గానీ బయల్దేరండి. ముందు నడిచేది ఇంట్లో అందరికన్నా పెద్దవాళ్లై ఉండాలి. వాళ్ల నడకను బట్టే అందరూ నడవాలి.

• బొడ్డురాయి దగ్గర మొదలుపెట్టండి. గుడి, చావిడి, పాత బావి, చెరువు కట్ట... వరసగా చూడండి. ప్రతిచోటా ఒకటే ప్రశ్న... ‘ఇది ఎవరు కట్టించారు, ఎందుకు?’

• చేల పేర్లు అడిగి రాసుకోండి. వాటిలోనే పాత చెరువులూ మాన్యాలూ మాయమైన గుళ్లూ దాక్కుని ఉంటాయి.

• పొలం గట్టునో గుడి వెనకో అక్షరాలున్న రాయి, కత్తి పట్టిన వీరుడి బొమ్మ ఉన్న రాయి కనిపిస్తే దాన్ని కదపొద్దు, రంగు పూయొద్దు. ఫొటో తీసి పురావస్తు శాఖకు తెలియజేయండి. అది శాసనమో వీరగల్లో కావచ్చు.

• కరువుల గురించి అడగండి. ‘ఆ ఏడు ఏం తిని బతికారు?’ అంటే చాలు, ఏ చరిత్ర పుస్తకంలోనూ లేనివి బయటికొస్తాయి.

• అవ్వకు పాటలొస్తే సెల్‌ఫోన్‌లో రికార్డు చేయండి. ఎవరు పాడారో, ఏ ఊళ్లో, ఏ తేదీన పాడారో కూడా చెప్పించండి. ఆ వివరాలు లేకపోతే పదేళ్ల తర్వాత అది ఎవరి పాటో మీకే తెలియదు.

• ఒకే కథను ఇద్దరు రెండు రకాలుగా చెబితే ఇద్దరివీ రాసుకోండి. ఏది నిజమో తేల్చడం తర్వాతి సంగతి.

పెద్ద ఖర్చేం లేదు. టికెట్ లేదు, క్యూ లేదు. కావాల్సింది ఒక నోటు పుస్తకం, కాస్త ఓపిక. తహసీల్దారు కచేరీలో పదకొండు రూపాయల పది అణాల ఎనిమిది పైసలు లెక్కగా రాసుకున్నారు కాబట్టే ఆ అంకె మనదాకా వచ్చింది. గంజి తాగి బతికిన ఆ వేలమంది లెక్క మాత్రం ఎవరూ రాయలేదు. వాళ్లలో మన ముత్తవ్వలు కూడా ఉన్నారేమో... ఈసారి ఊరెళ్లినప్పుడు అవ్వను అడిగి చూడండి!